ఉప్పు ఎక్కడికి పోయింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాడైన బోరు నీళ్ళ గురించే. ఎండలు ముదిరి బోర్లు అడుగంటేకొద్దీ ఏటా ఇదే వరస. ఊళ్ళ పేర్లు ఉంచి, మనుషుల పేర్లూ ఫ్యాక్టరీల పేర్లూ తీసేశాను. కొన్ని ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కత్తిరించాను, రాసినవాళ్ళు కోపం తెచ్చుకోవద్దు.

*మాది బొల్లారం దగ్గర ఒక కాలనీ. 700 అడుగుల బోరు. పదేళ్ళు హాయిగా తాగాం. రెండేళ్ళ నుంచి నీళ్ళు పట్టి ఉంచితే గంటకల్లా పసుపుగా మారుతున్నాయి, బకెట్ అడుగున తుప్పులాంటిది చేరుతోంది, పప్పు ఉడకదు. కిలోమీటరు దూరంలో మందుల ఫ్యాక్టరీ ఉంది. కానీ పక్కింటి బోరు బాగానే ఉంది! కాలనీ అంతా ఫ్యాక్టరీయే అంటోంది. ఆర్‌ఓ మిషన్ పెట్టుకుంటే చాలా? — ఒక గృహిణి, బొల్లారం*

ముందు మీ కాలనీకి నచ్చని మాట ఒకటి చెప్తానమ్మా. పట్టినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలాక పసుపుగా మారి అడుగున తుప్పు చేరిందంటే అది చాలావరకు ఇనుము. పప్పు ఉడకకపోవడం కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ కావడం. ఈ రెండూ మన రాళ్ళలోంచే రావచ్చు, ఫ్యాక్టరీ లేని ఊళ్ళలోనూ ఉంటాయి. అదే పట్టీపట్టగానే రంగు ఉన్నా, పెయింటు వాసనో మందుల వాసనో వచ్చినా, నురగ నిలిచినా అప్పుడు అనుమానం ఫ్యాక్టరీ వైపు పోవాలి. అయితే ఇనుము కాబట్టి ఫ్యాక్టరీకి సంబంధం లేదని కూడా అనలేం. సేంద్రియ వ్యర్థాలు భూమిలోకి దిగితే అక్కడి ఆక్సిజన్ అయిపోతుంది, ఆక్సిజన్ లేని నీటిలో రాళ్ళలోని ఇనుము కరుగుతుంది. అంటే మీ బకెట్‌లోని తుప్పు మామూలు తుప్పు కావచ్చు, ఇంకోదాని జాడ కూడా కావచ్చు. టెస్ట్ చేయించకుండా తేలదు.

పక్కింటి బోరు సంగతి. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ బండ మీద. పైన మట్టి, మొరం, దాని కింద బండ. ఇసుక నేలల్లోలాగా నీళ్ళు అంతటా సమానంగా పరుచుకుని ఉండవు, బండలోని పగుళ్ళలో ఉంటాయి. మీ బోరుకి తగిలిన పగులు, పక్కవాళ్ళ బోరుకి తగిలిన పగులు వేర్వేరు కావచ్చు. ముప్పై అడుగుల దూరంలో ఒక బోరు తియ్యగా, ఒకటి చేదుగా ఉండటం ఇక్కడ వింతేమీ కాదు. కాలుష్యం కూడా అలాగే, దగ్గర ఊరిని వదిలేసి దూరపు ఊళ్ళో తేలుతుంది. ఇంకో సంగతి, మోటారు ఎంత గట్టిగా తోడితే పగుళ్ళలోంచి అంత దూరపు నీళ్ళను లాక్కుంటుంది. పక్కింటివాళ్ళు ఇవాళ బాగున్నారు కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

టెస్ట్ అంటే ఐదొందల రూపాయల టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం) మీటర్ ముంచి చూడటం కాదు. అది ఉప్పు ఎంతుందో చెప్తుంది, ఏ ఉప్పో చెప్పదు. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము, సీఓడీ (నీటిలో కలిసిన వ్యర్థాల మోతాదుని చెప్పే కొలత) చేయించండి, సీసం లాంటి భారలోహాలు కూడా వీలైతే. తాగే నీటికి టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. నైట్రేటుకి 45 హద్దు, అందులో సడలింపు లేదు. నైట్రేటుతో పాటు కోలిఫాం బ్యాక్టీరియా కూడా వస్తే మీ కాలనీ సెప్టిక్ ట్యాంకుల్ని ముందు చూసుకోండి, ఆ కేసు చాలావరకు ఫ్యాక్టరీది కాదు. క్లోరైడు, సల్ఫేటు, సీఓడీ మూడూ కలిసి పెరిగితే మాత్రం ఇంటి మురుగుతో సరిపెట్టుకోలేం. పక్కింటి నీళ్ళు కూడా అదే రోజు అదే ల్యాబ్‌కి ఇవ్వండి, ఆ ఖర్చు మీరే పెట్టుకున్నా సరే. పోల్చడానికి అంతకంటే మంచిది దొరకదు.

ఆర్‌ఓ ఉప్పుల్నీ లోహాల్నీ చాలావరకు ఆపుతుంది. కొన్ని చిన్న సాల్వెంట్ (ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం) అణువులు దాని పొరను దాటిపోతాయి. కాచి తాగితే ఉప్పులు పోతాయనుకునేవాళ్ళకి ఒక మాట, కాస్తే నీళ్ళు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. రిపోర్టు వచ్చేదాకా తాగడానికీ వంటకీ నల్లా నీళ్ళే వాడండి.

*జీడిమెట్లలో చిన్న కెమికల్ యూనిట్లో ఈటీపీ, అంటే వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు చూసుకుంటాను. గేటు మీద జెడ్‌ఎల్‌డీ, అంటే వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలం అని పెద్ద బోర్డు. లోపల ఎవాపరేటర్ నెలకి పది రోజులు తిరిగితే గొప్ప. ఇన్‌స్పెక్షన్ ఉందంటే ట్యాంకులోకి బోరు నీళ్ళు వదిలి టీడీఎస్ దించమంటారు. రిపోర్టు పాస్ అవుతుంది. నీళ్ళు కలపడం కూడా ఒక ట్రీట్‌మెంటే అంటాడు మా మేనేజర్. నాకేమో రాత్రిళ్ళు టెన్షన్. నిజంగా అది ట్రీట్‌మెంటేనా? — పేరు వద్దన్న పాఠకుడు*

కాదు తమ్ముడూ. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని నీళ్ళు పోస్తే గ్లాసులో ఉప్పదనం తగ్గుతుంది, గిన్నెలో ఉప్పు తగ్గదు. మీ మేనేజర్‌కి ఇది తెలియదనుకోను.

చదివేవాళ్ళందరి కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ జెడ్‌ఎల్‌డీ అన్న మాట ఇప్పుడు ప్రతి గేటు మీదా కనబడుతోంది. ఫ్యాక్టరీ నుంచి ఒక్క చుక్క వ్యర్థజలం కూడా బయటికి రాకూడదు, అంతా శుద్ధి చేసి లోపలే తిరిగి వాడుకోవాలి, అదీ దాని అర్థం. నిజంగా చేస్తే గొప్ప పద్ధతే. ఉప్పు ఎక్కువున్న నీటినీ తక్కువున్న నీటినీ పుట్టినచోటే విడదీస్తారు. ఎక్కువున్నదాన్ని స్ట్రిప్పర్‌లో వేసి సాల్వెంట్లు తీసేసి, ఎవాపరేటర్‌లో ఆవిరి చేసి, మిగిలిన చిక్కటి ద్రవాన్ని డ్రయ్యర్‌లో ఎండబెడితే చివరికి పొడి ఉప్పు మిగులుతుంది. తక్కువున్నదాన్ని బ్యాక్టీరియాతో శుద్ధి చేసి ఆర్‌ఓకి పంపిస్తారు, ఆ నీళ్ళు కూలింగ్ టవర్‌కో బాయిలర్‌కో పోతాయి, ఆర్‌ఓ వదిలిన ఉప్పునీళ్ళు మళ్ళీ ఎవాపరేటర్‌కే రావాలి.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకి 100 కిలోలీటర్లు, అంటే లక్ష లీటర్ల ఉప్పునీళ్ళు వచ్చే ఫ్యాక్టరీ అనుకుందాం, ఆ నీటిలో టీడీఎస్ లీటరుకి 30,000 మిల్లీగ్రాములు అనుకుందాం, అంటే లీటరుకి 30 గ్రాములు. లక్ష లీటర్లకి 3,000 కిలోలు. రోజూ మూడు టన్నుల ఉప్పు! నెలకి తొంభై టన్నులు. ఈ ఉప్పు ఆవిరి కాదు, కుళ్ళదు, ఏ బ్యాక్టీరియా తినదు. దాన్ని సంచుల్లో కట్టి దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి లారీలో పంపాలి, పంపిన ప్రతి లారీకీ కాగితం ఉండాలి. ఇక ఆ లక్ష లీటర్లను ఆవిరి చేయడానికి మూడు దశల ఎవాపరేటర్ పెట్టినా రోజుకి 35, 40 టన్నుల స్టీమ్ కావాలి, అంత స్టీమ్‌కి బొగ్గో గ్యాసో కాలాలి. కాబట్టి గేటు బయట పైపులో చివరి నీళ్ళు పట్టి పీహెచ్ చూసి వెళ్ళిపోయే తనిఖీకి నా దృష్టిలో పెద్ద విలువ లేదు. నీళ్ళు ఎన్ని లోపలికి వచ్చాయి, బొగ్గు ఎంత కాలింది, ఉప్పు ఎన్ని టన్నులు దుండిగల్ చేరింది, ఈ మూడు కాగితాలు పక్కపక్కన పెడితే పావుగంటలో సంగతి తేలుతుంది. బొగ్గు బిల్లు లేదు, ఉప్పు లారీ లేదు, కానీ బోర్డు మీద జెడ్‌ఎల్‌డీ ఉందంటే ఆ ఉప్పు ఎక్కడికి పోయినట్టు? నాలాలోకి, లేదంటే భూమిలోకి. మధ్యలో మాయమవడానికి అదేమన్నా కర్పూరమా?

భూమిలోకి పోవడమంటే కొందరు పాతబడ్డ ఎండు బోరులోకే వదిలేస్తారు. రివర్స్ బోర్ అంటారు దాన్ని. మొరం పొరలో ఇంకుతూ పోయే మురికి కొంతైనా వడకట్టబడుతుంది, ఇది ఆ పొరను తప్పించి నేరుగా పగుళ్ళలోకే ఎక్కిస్తుంది. ఇంతకంటే పాపం నాకు తెలీదు. 1974 జలచట్టం 24వ సెక్షన్ ప్రకారం విషపదార్థాల్ని వాగులోకి గానీ బావిలోకి గానీ మురుగుకాలువలోకి గానీ నేల మీదికి గానీ వదలకూడదు, పైగా ఆ చట్టం ‘ప్రవాహం’ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో భూగర్భజలం కూడా ఉంది. నేల కింద ఎవరు చూస్తారులే అన్న వాదన యాభై ఏళ్ళ కిందే మూసుకుపోయింది.

యజమానులు ఎందుకిలా చేస్తారంటే, డబ్బు. స్టీమ్ ఖర్చు చిన్న యూనిట్ నడుం విరుస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను. చిన్నవాళ్ళ కోసమే కదా జీడిమెట్లలో 1989లోనే ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టింది, దేశంలో మొట్టమొదటివాటిలో అదొకటి. సొంతంగా చేయలేనివాళ్ళు డబ్బు కట్టి ట్యాంకర్‌లో పంపుకోవచ్చు. అక్కడా పరిమితులుంటాయి, మరీ చిక్కటి సరుకు తీసుకోరు. అయినా దారంటూ ఉంది.

నీ సంగతికి వస్తే, హీరోవి కమ్మని చెప్పను, ఇంట్లో పిల్లలున్నారని రాశావు. ఒక్కటి మాత్రం చెయ్. లాగ్‌బుక్‌లో ఎవాపరేటర్ నడవని రోజు నడిచిందని రాసి సంతకం పెట్టకు. రేపు కేసైతే ముందు అడిగేది ఆ సంతకం ఎవరిదనే. నీళ్ళు కలపమన్న ఆర్డరు నోటితో కాకుండా వాట్సాప్‌లో పెట్టమని అడుగు, అడిగిన రోజు నుంచే చెప్పడం తగ్గుతుందేమో కూడా.

*పటాన్‌చెరు మండలంలో మాకు మూడెకరాలు. మా నాన్న కాలంలో నక్కవాగు నీళ్ళతో వరి పండేది, ఆ తర్వాత ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి వాగు పాడైన కథ మీకు తెలుసు. ఇప్పుడు ఎవరో వచ్చి శుద్ధి చేసిన నీళ్ళు ఉచితంగా పొలానికి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? — ఒక రైతు*

ఏ నీళ్ళని శుద్ధి చేశారో ముందు అడగండి. ఇళ్ళ మురుగుని శుద్ధి చేసిన నీళ్ళు ఒకటి, ఫ్యాక్టరీ నీళ్ళని శుద్ధి చేసినవి ఇంకొకటి. మొదటివాటితో మూసీ దిగువన ఏళ్ళ తరబడి పశువుల గడ్డి పండిస్తున్నారు, వాటి ఇబ్బందులు వాటికున్నాయి కానీ జాగ్రత్తగా వాడుకోవచ్చు. రెండోవాటిని నేనైతే ఉచితంగా ఇచ్చినా, ఎదురు డబ్బులిచ్చినా నా చేలో పెట్టుకోను.

ఎందుకో చెప్తాను. సాధారణ ప్రమాణాల్లో బీఓడీ (నీటిలోని కుళ్ళే పదార్థానికి కొలత) వాగులోకి వదిలే నీటికి లీటరుకి 30 మిల్లీగ్రాములు, సాగుకి వదిలే నీటికి 100. సాగుకి సడలింపు ఎందుకంటే కుళ్ళే పదార్థాన్ని మట్టే అరిగించుకుంటుంది కాబట్టి. ఉప్పుని మట్టి అరిగించుకోలేదు. నీళ్ళు మొక్క పీల్చుకుంటుంది, ఎండ లాక్కుంటుంది, ఉప్పు మళ్ళలో మిగులుతుంది. సోడియం ఎక్కువైతే మట్టి గట్టిపడి నీరు ఇంకదు, మిగిలిందేమో వానకి కరిగి మీ బోరులోకే దిగుతుంది.

ఇంకోటి, ఉప్పు కంటే నాకు భయం వేసే సంగతి. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం 1994లో మొదలైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడ శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షిస్తే సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనబడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదాని కంటే చాలా రెట్లు ఎక్కువ. జ్వరమొస్తే డాక్టర్ రాసే మందు వాగుకి రోజూ పోశారన్నమాట. అలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న క్రిములకి రేపు ఆ మందు పనిచేయదు. తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ నీటిని నగరం మురుగు లైన్లో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపించారు. వాగుకి ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది, సమస్య అడ్రస్ మారి మూసీ వైపు వెళ్ళింది. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల ఫ్యాక్టరీల నీటిలో యాంటీబయాటిక్‌లకి హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది, 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు లేవు. కాబట్టి ‘అన్ని ప్రమాణాలకీ లోబడే ఉంది’ అని మీకు చూపించే రిపోర్టులో ఆ కాలమ్ అసలు లేకపోవచ్చు.

ఫ్యాక్టరీ నీటిని మళ్ళీ వాడటానికి నేను వ్యతిరేకిని కాదు. వాడాల్సింది ఫ్యాక్టరీలోనే, కూలింగ్ టవర్‌లో, బాయిలర్‌లో. అంత మంచి నీళ్ళయితే వాళ్ళు బోరు తోడటం మానేసి అవే వాడుకోవచ్చు కదా, మీ మూడెకరాలే ఎందుకు కావాల్సి వచ్చింది?

*మా అపార్ట్‌మెంట్ ప్రగతినగర్‌లో. బోరు నీళ్ళు పాడయ్యాయి. ఇంకుడు గుంత తవ్విస్తే బాగవుతాయా?*

మేడ మీది వాన నీళ్ళు మాత్రమే దింపితే కొన్నేళ్ళకి ఉప్పు పలచబడుతుంది. పార్కింగ్ నీళ్ళు, రోడ్డు నీళ్ళు, కార్లు కడిగిన నీళ్ళు అందులోకి రానివ్వద్దు. మురుగు పైపుకి, సెప్టిక్ ట్యాంకుకి దూరంగా తవ్వండి. మొదటి రెండు వానల నీళ్ళు బయటికి వదిలేయండి. రంగు, వాసన ఉన్న నీళ్ళయితే గుంత కంటే ముందు టెస్ట్.

*రెండేళ్ళుగా ఫిర్యాదులు పెడుతున్నాం. ప్రైవేటు ల్యాబ్ రిపోర్టు చూపిస్తే చెల్లదంటున్నారు. కోర్టుకి పోతే ఏమైనా అవుతుందా? — గడ్డపోతారం నుంచి ఐదుగురు*

చెల్లదన్నది సగం నిజం. జలచట్టం కింద శిక్ష వేయించాలంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారి 21వ సెక్షన్ ప్రకారం తీసిన శాంపిలే సాక్ష్యం. ఫ్యాక్టరీకి నోటీసిచ్చి, శాంపిల్ రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టాలి. కానీ ఆ శాంపిల్ తీయించడానికి మీ ల్యాబ్ రిపోర్టు బాగా పనికొస్తుంది. ‘కలుషితమైంది, చర్య తీసుకోండి’ అని రాయకండి. ‘ఫలానా తేదీన మా బోరు రిపోర్టు ఇది, 21వ సెక్షన్ కింద లీగల్ శాంపిల్ తీయండి’ అని రాయండి. దాంతోపాటు పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద ఆ ఫ్యాక్టరీ నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రం కాపీ అడగండి. ఎన్ని కిలోలీటర్లు వాడాలో, ఎంత వ్యర్థజలం రావచ్చో, ఎక్కడికి పంపాలో అన్నీ అందులో ఉంటాయి. పైన చెప్పిన ఉప్పు లెక్క వేయడానికి మీకు కావాల్సింది అదే. మండలి కదలకపోతే 49వ సెక్షన్ ప్రకారం అరవై రోజుల నోటీసిచ్చి మీరే కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు.

కోర్టు విషయంలో తియ్యటి మాటలు చెప్పను. ఫ్యాక్టరీల కాలుష్యం మీద పటాన్‌చెరు కేసు సుప్రీంకోర్టుకి చేరింది 1990లో, అక్కడి నుంచి హైకోర్టుకి, తర్వాత పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, రైతుల జుట్టు తెల్లబడింది. ఊళ్ళకి తాగునీళ్ళు రావడం, కొంత పరిహారం, శుద్ధి కేంద్రాలు, ఇవన్నీ ఆ కేసు ఒత్తిడితో వచ్చినవే అన్నది కూడా మర్చిపోవద్దు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిఛ్ఛ్రి అనే ఊరుంది. రంగుల తయారీకి వాడే హెచ్ యాసిడ్ తయారుచేసే యూనిట్ల వ్యర్థాలు దిగి అక్కడి బావులు రంగు మారిపోయాయి. కేసు 1989లో పడింది, శుద్ధి ఖర్చంతా పాడుచేసినవాడిదేనని 1996లో తీర్పు వచ్చింది, ఫ్యాక్టరీవాళ్ళు పిటిషన్ మీద పిటిషన్ వేసి ఏళ్ళు గడిపితే 2011లో సుప్రీంకోర్టు 37 కోట్లకు పైగా డబ్బుని చక్రవడ్డీతో కట్టమంది. ఫ్యాక్టరీలు నడిచింది కొద్దికాలమే! బండ పగుళ్ళలోకి దిగింది కడుక్కోవడానికి ఎంతకాలం పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

మీకు దగ్గరి దారి గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి. పరిహారం కోరితే కారణం మొదట తలెత్తినప్పటి నుంచి ఐదేళ్ళు గడువు, మామూలు పర్యావరణ వివాదానికి ఆరు నెలలే. రెండేళ్ళు ఫిర్యాదుల్లోనే పోయాయి కాబట్టి ఈ నెలలోనే వకీలుని కలవండి. వెళ్ళేటప్పుడు పాత అర్జీల రసీదులన్నీ తీసుకెళ్ళండి. రసీదు లేని అర్జీ పెట్టనట్టే లెక్క.

*అర్ధరాత్రి ట్యాంకర్ వచ్చి మా వీధి చివర నాలాలో ఏదో వదిలి పోతోంది. కుర్రాళ్ళం కాపుకాసి పట్టుకుందామనుకుంటున్నాం. — బాలానగర్*

వద్దు. 2022 జనవరిలో సూరత్ పారిశ్రామికవాడలో ఇలాగే ట్యాంకర్ నాలాలో కెమికల్ వదిలితే లేచిన విషవాయువుకి ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాళ్ళు ట్యాంకర్‌వాళ్ళు కాదు, పక్కన ఉన్నవాళ్ళు. నాలాలో ముందే ఉన్న మురుగుతో యాసిడ్ కలిస్తే ఏ గ్యాస్ పుడుతుందో డ్రైవర్‌కీ తెలీదు. మేడ మీది నుంచి బండి నంబర్, టైము కనబడేలా ఫోన్లో వీడియో తీయండి, అప్పటికప్పుడు 112కి ఫోన్ చేయండి, నాలా మీది గాలి ఎటు వీస్తోందో అటువైపు ఉన్న ఇళ్ళవాళ్ళని కిటికీలు మూసుకోమనండి. పొద్దున్నే మండలి వాళ్ళకి అదే వీడియో ఇచ్చి నాలా నీళ్ళు శాంపిల్ తీయమనండి. సీసా పట్టుకుని మీరు దిగకండి.